బొమ్మల క్లాసులో వృత్తుల పరిచయం: పది వారాలకి ఎలాంటి పనులు ఇవ్వాలి?

గీతల_బడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 14 నుంచి 16 ఏళ్ల పిల్లలు 30 మంది. వారానికి ఒక క్లాసు, 80 నిమిషాలు, మొత్తం 10 వారాలు. ముందు ముందు ఏ పనుల్లోకి వెళ్లొచ్చో పిల్లలకి కాస్త తెలిసేలా డ్రాయింగ్ క్లాసుని మలచాలి.

గ్రాఫిక్ డిజైనరు, యానిమేటరు, ఆర్కిటెక్టు అని గోడకి చార్టు అంటించి, తలా ఒక వృత్తి మీద పోస్టరు వేయించడం తేలికే. కానీ దానివల్ల పిల్లలకి హెల్మెట్ పెట్టుకున్న మనిషిని గీయడం వస్తుంది గానీ, ఆ మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా దేనితో కుస్తీ పడతాడో తెలియదు. అది తెలిసే పనులు కావాలి.

ఉన్న సామాను: కాగితాలు, అట్టలు, పెన్సిళ్లు, రంగులు, రెండు ఫోన్లు. కంప్యూటర్లు లేవు. సగం మంది ముందే "నాకు బొమ్మలు రావు" అని చేతులెత్తేసే రకం. వాళ్లని ఎలా కలుపుకోవాలి? ఇంకో సందేహం. పది వారాల తర్వాత ఒక్కో పిల్లకీ ఏం చెప్పాలి? "నువ్వు ఫలానా అవ్వు" అనకూడదని తెలుసు. మరి ఏమనొచ్చు?

అట్టపెట్టె

పోస్టర్లు వద్దనుకోవడం మంచి పని. వృత్తిని పరిచయం చేసేది దాని పేరు కాదండి, దాని ఇబ్బంది. ఏ పనికైనా కొలత, గడువు, అడిగే మనిషి అని మూడు కట్లు ఉంటాయి. ఆ మూడూ క్లాసులోకి వస్తే చాలు. ఒక్క ఉదాహరణ పూర్తిగా చెబుతాను, ప్యాకేజింగ్. రెండు క్లాసులు పడుతుంది.

50 మిల్లీమీటర్ల వెడల్పు, 80 ఎత్తు ఉన్న ఒక గాజు సీసా ఇవ్వండి. దానికి పెట్టె చేయాలి. సీసా దూరడానికి సందు ఉండాలి కాబట్టి లోపలి కొలత 52, 52, 82. నాలుగు గోడలు, అంటించే పట్టీ 12. అంటే పరిచిన అట్ట వెడల్పు 220. ఇక నిలువు: గోడ 82, పైమూత 52, కింద మూత 52, మూతలు లోపలికి దోపే పట్టీలు 15 చొప్పున రెండు. మొత్తం 216. ఎ4 అట్ట 210 x 297. వెడల్పు సరిపోతుంది, నిలువు 6 మిల్లీమీటర్లు చాలదు.

ఈ సంగతి ముందుగా చెప్పకండి. పిల్లలు గీస్తూ గీస్తూ అక్కడ ఆగిపోతారు. అసలు పాఠం అక్కడే ఉంది. ఒకరు పట్టీలని 12కి తగ్గిస్తారు. లెక్కకి సరిగ్గా 210 వస్తుంది గానీ కత్తెర వెళ్లడానికి అంచు మిగలదు. ఒకరు పెద్ద అట్ట అడుగుతారు. ఇవ్వకండి, "ఉన్నది ఇంతే" అనండి. ఇంకొకరు కింద మూత ఒకే ముక్కగా ఉండాల్సిన పని లేదని కనిపెట్టి, నాలుగు గోడలకీ 26 చొప్పున రెక్కలు పెట్టి ఒకదాని మీద ఒకటి అంటిస్తారు. నిలువు 175కి దిగిపోతుంది. ఎవరు ఏ దారి పట్టారో రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

అట్ట 250 నుంచి 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క) మధ్య ఉండాలి. అంతకంటే పల్చనైతే గోడ నిలబడదు. మడత పెట్టే ముందు ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో, స్టీలు స్కేలు ఆనించి గీత నొక్కాలి. నొక్కకుండా మడిస్తే అట్ట పైపొర చిట్లుతుంది, రంగు వేసిన అట్టైతే తెల్లగా బయటపడుతుంది. అట్టలో నారలన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉంటాయి, ప్రెస్సు వాళ్లు గ్రెయిన్ అంటారు. అట్టని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఒకవైపు తేలిగ్గా వంగుతుంది. ఆ మడత నార వెంట పోతున్నట్టు. రెండోది నారకి అడ్డం, అక్కడ గీత రెండుసార్లు నొక్కాలి.

రెండో క్లాసు మొదట్లో సీసా మార్చేయండి, 5 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నది ఇవ్వండి. అన్యాయం అని గోల చేస్తారు. చేయనివ్వండి. పని ఇచ్చినవాళ్లు మధ్యలో కొలత మార్చడం ఈ వృత్తిలో రోజూ ఉండేదే. కోపం దిగాక మళ్లీ స్కేలు పట్టుకునే పిల్లలు ఎవరో ఆ రోజు తెలుస్తుంది.

పన్నెండు_ఫ్రేములు

రెండు ఫోన్లు ఉన్నాయి కాబట్టి స్టాప్‌మోషన్ (వస్తువుని కొంచెం కొంచెం కదుపుతూ ఫొటోలు తీసి వీడియోగా కలపడం) తప్పకుండా పెట్టండి. సెకనుకి 12 ఫొటోలు, 10 సెకన్ల ముక్క అంటే 120 ఫొటోలు. జట్టుకి నలుగురు. ఒకరు వస్తువు కదపాలి, ఒకరు ఫొటో తీయాలి, ఒకరు వెలుతురు చూడాలి, ఒకరు ఎన్నో ఫొటోలో ఏం కదిలిందో పుస్తకంలో రాయాలి. ప్రతి 30 ఫొటోలకి పని మార్చుకోవాలి, లేకపోతే గొంతు పెద్దగా ఉన్నవాడే చివరిదాకా డైరెక్టరు. ఫోన్లు రెండే కాబట్టి ఒకసారికి రెండు జట్లే తీయగలవు. మిగతా జట్లు ఆ పూట స్టోరీబోర్డు, అంటే ఏ దృశ్యం తర్వాత ఏదో చూపే బొమ్మల వరస, గీసుకోవాలి.

చెడిపోయేది ఎక్కడంటే: ఫోన్ తనంతట తను వెలుతురూ రంగూ సరిదిద్దుకుంటుంది, దాంతో వీడియో మిణుకు మిణుకుమంటుంది. ఎక్స్‌పోజర్ (వెలుతురు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగు) మూడూ లాక్ చేయాలి. కిటికీ మూసి ఒక్క దీపం వాడాలి, మబ్బు పట్టినా ఫ్రేము మారిపోతుంది. ఫోన్ మీద వేలు నొక్కితే కదులుతుంది, 2 సెకన్ల టైమరు పెట్టండి. తెల్లచొక్కా వేసుకున్న పిల్ల దగ్గరికి వంగితే ఆ వెలుగు వస్తువు మీద పడుతుంది, ఫొటో తీసేటప్పుడు అందరూ ఒక అడుగు వెనక్కి.

దీంట్లో రాసే పని చూసిన పిల్లలని గమనించండి. 73వ ఫొటోలో చెయ్యి అడ్డం వచ్చిందని, అది తీసేస్తే కదలిక తెగదని చెప్పగలిగే పిల్ల సినిమా, యానిమేషన్ పనుల్లో చాలా విలువైన మనిషి. ఆ పిల్ల ఒక్క గీత గీసి ఉండకపోవచ్చు.

గుర్తుల_లెక్క

"నాకు బొమ్మలు రావు" అనే పిల్లలకి ఐసోటైప్ గురించి చెప్పండి. 1920ల్లో వియన్నాలో ఒట్టో నోయ్‌రాత్ బృందం అంకెలని గుర్తులుగా చూపించే పద్ధతి తయారుచేసింది. గుర్తులు గీసింది గెర్డ్ ఆర్న్‌ట్స్. అదే బృందంలోని మేరీ నోయ్‌రాత్ పని వేరు. నిపుణులు ఇచ్చిన లెక్కలు చదివి, ఏది చూపాలి, ఏది వదలాలి, ఏ వరసలో పెట్టాలి అని తేల్చి, కచ్చా నమూనా వేసి ఇవ్వడం. ఆ పాత్రకి వాళ్లు పెట్టుకున్న పేరు ట్రాన్స్‌ఫార్మర్. గీసే చెయ్యి ఒకరిది, తేల్చే బుర్ర ఇంకొకరిది. ఇవాళ ఇన్ఫర్మేషన్ డిజైన్‌లోనూ ఈ రెండు పనులూ ఉంటాయి.

క్లాసు పని ఇలా. స్కూలుకి నడిచి వచ్చేవాళ్లు, సైకిలు మీద వచ్చేవాళ్లు, బస్సులో వచ్చేవాళ్లు ఎందరో 20 నిమిషాల్లో లెక్కపెట్టాలి. తర్వాత ఎ3 కాగితం మీద, మాటలు 15కి మించకుండా చూపించాలి. ఒకటే నియమం: ఎక్కువమంది అయితే గుర్తులు ఎక్కువ పెట్టాలి, గుర్తుని పెద్దది చేయకూడదు. ఎందుకో కూడా చేసి చూపించండి. రెట్టింపుని చూపడానికి మనిషి బొమ్మ ఎత్తు రెట్టింపు చేస్తే వెడల్పూ రెట్టింపవుతుంది, కాగితం మీద నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది. చూసేవాడికి అబద్ధం చెప్పినట్టే. అట్ట మీద ఒక గుర్తు కత్తిరించి అచ్చులా వాడుకోవచ్చు కాబట్టి గీత బాగా రాకపోవడం ఇక్కడ అడ్డమే కాదు.

పరీక్ష మార్కులతో కాదు. వేరే క్లాసు పిల్లని పిలిచి కాగితం 10 సెకన్లు చూపించి మూసేయండి. ఏం అర్థమైందో చెప్పించండి. తప్పు చెబితే తప్పు కాగితానిది, చూసిన పిల్లది కాదు. ఈ మాట పిల్లలు తట్టుకోవడం కష్టం, కానీ డిజైన్ పనంతా దాని మీదే నడుస్తుంది.

గీతల_బడి

చాలా ధన్యవాదాలు అండి. 6 మిల్లీమీటర్ల పెట్టె మొదటి రెండు వారాల్లోనే పెడతాను. అందరూ "గమనించండి" అంటున్నారు. 30 మందిని ఒక్క మనిషి గమనించడం ఎలా?

పుటల_అంచు

ఒక్క రోజులో 30 మందినీ చూడాలనుకుంటే ఎవర్నీ చూడలేరు గీతల_బడి గారూ. రోజుకి ఆరుగురు. వాళ్ల పేర్లు ముందే రాసుకోండి, వాళ్లకి చెప్పకండి. 20, 40, 60 నిమిషాల దగ్గర గడియారం చూసి, ఆ క్షణాన ఒక్కొక్కరూ ఏం చేస్తున్నారో ఒక్క వాక్యం. "స్కేలుతో రెండోసారి కొలుస్తోంది", "పక్క జట్టుకి మడత నేర్పిస్తున్నాడు", "రంగు ఎంపిక మీదే ఉన్నాడు, పెట్టె మొదలుపెట్టలేదు". చేసినది మాత్రమే రాయాలి, "తెలివైనది", "సోమరి" లాంటి మాటలు రాయకూడదు. అయిదు క్లాసుల్లో అందరూ ఒకసారి, పదింట్లో రెండుసార్లు అవుతారు. ఒక్కొక్కరికీ ఆరు వాక్యాలు చేతిలో ఉంటాయి.

ఇంకో సగం పిల్లలే రాయాలి. ఆఖరి 8 నిమిషాలు పని ఆపించి మూడు ప్రశ్నలు: ఎక్కడ ఆగిపోయావు, ఏం చేసి బయటపడ్డావు? ఏ పని చేస్తుంటే టైము తెలియలేదు? ఏ పని వేరేవాళ్లకి ఇచ్చేయాలనిపించింది? మూడో ప్రశ్నకి పిల్లలు నిజం రాస్తారు, మొదటి వారం నుంచీ. రెండో ప్రశ్నకి మాత్రం మొదట్లో మాస్టారికి నచ్చే జవాబు రాస్తారు, నాలుగో వారం తర్వాత గానీ నమ్మలేం.

చివర్లో ఒక్కో పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆరు వాక్యాలూ, తను రాసుకున్నవీ చదివి వినిపించండి. "కొలత తప్పిన చోట నాలుగుసార్లు నువ్వే వెనక్కి వెళ్లి సరిచేశావు. ఇలాంటి పని పెట్టెలు చేసేచోట ఉంటుంది, భవనాల నమూనాలు చేసేచోట ఉంటుంది, నాటకాల సెట్టు వేసేచోట, కృత్రిమ అవయవాలు తయారుచేసేచోట కూడా ఉంటుంది. వీటిలో ఏది దగ్గర నుంచి చూడాలని ఉంది?" అంతే. ఒక్క వృత్తి పేరు చెప్పకండి, కనీసం నాలుగు చెప్పండి, అందులో ఒకటైనా పిల్లలు ఎప్పుడూ విననిది ఉండాలి.

ఒక జాగ్రత్త. పనిముట్టు మీద మోజునీ పని మీద ఇష్టాన్నీ కలపకండి. ఫోన్ చేతికిస్తే అందరూ ఉషారుగానే ఉంటారు. 90వ ఫొటో దగ్గర ఇంకా ఎవరు ఉన్నారన్నదే చూడాలి.

తెల్ల_కాగితం

పై సలహాలన్నీ మంచివే, కానీ పది వారాలూ కొలతలు, గడువులతో నింపేయడంతో ఏకీభవించను. కనీసం రెండు క్లాసులు ఏ పనీ ఇవ్వకుండా వదలండి, 3వదీ 7వదీ అనుకోండి. ఎవరూ అడగకుండా పిల్ల తనంతట తను ఏం మొదలుపెడుతుందో కట్లు ఉన్నప్పుడు కనిపించదు. బొమ్మల పుస్తకాలు వేసేవాళ్లు, స్వతంత్రంగా చిత్రకళ చేసేవాళ్లు తమ పని తామే మొదలుపెట్టుకోవాలి. ఆ గుణం పెట్టె కొలతల్లో బయటపడదు.

మరో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని పిల్లలు క్లాసులో ఉండొచ్చు. దాని జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం వల్ల ఇది మగపిల్లల్లోనే ఎక్కువ. చాలామందికి తమకి ఉందని కూడా తెలియదు, "రంగులు సరిగా వేయడు" అన్న పేరు మాత్రం పడుతుంది. రంగు సీసాల మీద పేర్లు రాసి ఉంచండి, గుర్తుల పనిలో రంగుతో పాటు ఆకారం కూడా మార్చమనండి. అనుమానం వస్తే అందరి ముందూ అడగకుండా కంటి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. దానివల్ల బొమ్మల దారి మూసుకుపోదు. గీత, ఆకారం, కదలిక, అక్షరాలు, మట్టిపని, కట్టడాల నమూనాలు అన్నీ మిగిలే ఉన్నాయి.

అట్టపెట్టె

తెల్ల_కాగితం గారి మాట నిజం, 3, 7 ఖాళీగా ఉంచండి. బయట నుంచి పని చేసేవాళ్లని పిలిచే ఉద్దేశం ఉంటే 8వ వారంలో పిలవండి, మొదట్లో వద్దు. అప్పటికి పిల్లల చేతుల్లో చిట్లిన మడతలు, మిణుకుమన్న వీడియోలు ఉంటాయి, అడగడానికి ప్రశ్నలూ ఉంటాయి. "ఈ రంగంలోకి ఎలా వచ్చారు" అన్న ప్రశ్న ఒకటి తీసేయించండి, దానికి అరగంట ఉపన్యాసం వస్తుంది. దాని బదులు "నిన్న పది గంటల నుంచి ఒంటిగంట దాకా ఏం చేశారు", "ఈ నెలలో ఏ పని తిప్పి పంపారు, ఎందుకు పంపారు" అని అడిగించండి. వచ్చేవాళ్లని ఒక పూర్తయిన పనితో పాటు, దానికి ముందు పక్కన పడేసిన మూడు నమూనాలు కూడా తెమ్మని వారం ముందే చెప్పాలి. చెప్పకపోతే పూర్తయినదొక్కటే తెస్తారు.