మా ఆన్‌లైన్ దేశానికి ఎలాంటి ప్రభుత్వం బాగుంటుంది?

అందరికీ నమస్తే. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్ దోస్తులం కలిసి ఆన్‌లైన్‌లో ఒక ఊహా దేశం నడుపుతున్నాం, ఎన్నికలు, చట్టాలు, కోర్టు అన్నీ మేమే. ఇప్పుడు రాజ్యాంగం కొత్తగా రాయాలి, అక్కడే ఆగిపోయాం.

మన పద్ధతిలోనే ప్రధానిని పెడితే ప్రతి చిన్న గొడవకూ అవిశ్వాసం పెట్టి దించేస్తున్నారు, తర్వాత ఎవరు అనేది మాత్రం తేల్చరు. లోక్‌సభలో అయితే తీర్మానం చర్చకు రావాలంటేనే 50 మంది మద్దతు కావాలి, మా సభలో మొత్తం అంతమందే లేరు. జర్మనీలో సభ కొత్త ఛాన్సలర్‌ను (అక్కడి ప్రధాని) ఎన్నుకుంటేనే పాతాయన దిగుతాడు, 1982లో ష్మిత్ పోయి హెల్ముట్ కోల్ వచ్చింది అట్లనే. నాకు ఇదే నచ్చింది. కొందరేమో స్విట్జర్లాండ్ లాగా ఏడుగురి మండలి, ఏటా మారే అధ్యక్షుడు కావాలంటున్నారు. పరీక్షలప్పుడు సగం మంది కనబడరు కాబట్టి ఒక్కరి మీదే భారం వద్దు అనే వాళ్ల మాటా నిజమే.

ఇలాంటివి నడిపినవాళ్లు దయచేసి చెప్పండి, చిన్న గుంపులో ఏది నిలబడుతుంది? ఇంకోటి, అసలు టెన్షన్ ఇదే: బటన్లన్నీ సర్వర్ అడ్మిన్ (మా ఆన్‌లైన్ గ్రూపును కంట్రోల్ చేసే ఆయన) చేతిలో ఉంటాయి కదా, కోర్టు తీర్పును ఆయన అమలు చేయనంటే రాజ్యాంగంలో ఏం రాసుకోవాలి?