సిడ్నీ హార్బర్ ఈతకొలను బొమ్మ వేస్తున్నాను, లోపలి నీళ్లు బయటి నీళ్లు వేరుగా కనిపించేదెలా?

అక్కవాళ్ల దగ్గరికి సిడ్నీ వెళ్లినప్పుడు బాల్‌మెయిన్‌లో డాన్ ఫ్రేజర్ బాత్స్ చూశాను. 1880ల నాటి ఈతకొలను, హార్బర్ నీళ్లే లోపలికి వస్తాయి, చుట్టూ చెక్క నడకదారులు, ఎదురుగా కాకటూ ఐలాండ్. 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో వరసగా 100 మీటర్ల ఫ్రీస్టైల్ గెలిచిన స్విమ్మర్ పేరే దానికి పెట్టారు. నాకు తెగ నచ్చేసింది, ఫోటోలు బోలెడు తీసుకున్నా. ఇప్పుడు తార్నాకలో ఇంట్లో కూర్చుని వాటర్ కలర్‌లో వేస్తుంటే కొలనూ సముద్రమూ కలిసి ఒకటే నీలం పలకలా వస్తున్నాయి. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నీటిరంగు:
ముందు నీలం పక్కన పెట్టండి. గోడల మధ్య నీళ్లకు గాలి తక్కువ తగులుతుంది కాబట్టి చెక్క గోడ ప్రతిబింబం పొడవుగా, నిలువుగా దిగుతుంది. బయట అలలకు అది ముక్కలైపోయి ఆకాశం రంగే ఎక్కువ కనిపిస్తుంది. ఈ తేడా పడితే చాలు, రెండిటికీ ఒకే రంగు వాడినా వేరుగానే ఉంటాయి. తెల్ల గోడ ప్రతిబింబం గోడ కన్నా కాస్త ముదురు, నల్లటి స్తంభానిది స్తంభం కన్నా కాస్త లేత. ఇంకోటి, నీడనూ ప్రతిబింబాన్నీ కలపకండి: ప్రతిబింబం ఎప్పుడూ చూసేవాళ్ల వైపే దిగుతుంది, నీడ ఎండను బట్టి ఎటైనా పోతుంది. ఆటుపోట్లున్న చోటు కదా, స్తంభాల మీద పోటు నీళ్లు తాకినంత ఎత్తు వరకు తడి చార ఉంటుంది, అది వదిలేయొద్దు.

మౌలాలి_స్కెచ్:
ఎండ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, సిడ్నీలో మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, నీడలు దక్షిణానికి పడతాయి. మనకు ఏడాదిలో ఎక్కువ రోజులు దీనికి తలకిందులు, పైగా మే నెలలో ఒకరోజు, ఆగస్టులో ఒకరోజు నడి మధ్యాహ్నం నిటారు కర్రకు నీడే ఉండదు. అక్కడ అలా ఎప్పుడూ జరగదు. అలవాటు కొద్దీ మన నీడలు వేసేస్తే చూడగానే ఏదో తేడా కొడుతుంది, ఫోటోనే నమ్మండి.

బేగంపేట్ అక్క:
తమ్ముడూ, నీడ ఎటు పడిందో దానికి ఫోటోను నమ్ము, నీడ రంగుకు మాత్రం నమ్మకు. నడకదారి కింద చీకటిని కెమెరా నల్లగా చేసేస్తుంది, కంటికి అక్కడ ఆకుపచ్చా గోధుమా కనిపిస్తాయి. బ్లాక్ ట్యూబ్ తీయకుండా అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలుపు. అసలు నా సలహా ఏంటంటే, 2022లో బాగుచేసి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావికి వెళ్లి కూర్చో. అదీ గోడల మధ్య నీళ్లే, మెట్లు నీళ్లలోకి దిగే అంచు దగ్గర రంగు ఎలా మారుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు. పొద్దున్నే వెళ్లు, ఎండెక్కితే వాష్ (పల్చటి రంగు పూత) పరిచేలోపే ఆరిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) కాటన్ పేపర్ అయితే తడి కాసేపు నిలుస్తుంది.

అడిగినవాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. తడి చార నేను ఫోటోల్లో గమనించనే లేదు, ఇప్పుడు చూస్తే ప్రతి స్తంభానికీ ఉంది. అక్కా, ఆదివారం బావి దగ్గరికి వెళ్తున్నా. అక్కడ కూర్చుని వేసుకోవడానికి ముందే ఎవరినైనా అడగాలా?