రెజ్యూమెలో కాలేజీ పేరు, హాబీలు దాచేస్తే తప్పేంటి?

వడపోత_డ్యూటీ:
మా టీమ్‌లోకి బ్యాకెండ్ డెవలపర్ (సర్వర్, డేటాబేస్ వైపు కోడ్ రాసేవారు) కావాలి. రెజ్యూమెలు వడపోసే పని నా నెత్తిన పడింది. మేనేజరు ‘ముందు కాలేజీ చూడు’ అంటారు. ఇంకో సీనియర్ ‘హాబీలు చూస్తే మనిషి తెలిసిపోతాడు’ అంటారు. రెండూ కనబడకుండా చేసి చదువుదామని నేనంటే ఇద్దరూ నవ్వారు. మీరేమంటారు?

పాతకాపు:
నవ్వరా మరి! ఒక్క ఉద్యోగానికి వందల రెజ్యూమెలు వచ్చి పడతాయి, అన్నీ చదివే తీరిక ఎవరికుందండీ? గట్టి ఎంట్రన్స్ రాసి సీటు కొట్టినవాడికి కూర్చుని కష్టపడే ఓపిక ఉందని తెలుస్తుంది. ఆ వడపోత వేరేవాళ్లు ముందే చేసిపెట్టారు, వాడుకుంటే తప్పేముంది? హాబీలంటారా, ఇంటర్వ్యూ మొదట్లో అభ్యర్థి టెన్షన్ తగ్గించడానికి పనికొస్తాయి. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు.

తోకలేని_పిట్ట:
పట్టించుకోరా? లారెన్ రివేరా, ఆండ్రాష్ టిల్చిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికా లా సంస్థలకు కల్పిత రెజ్యూమెలు పంపారు. చదువు, మార్కులు అన్నీ ఒకటే. కొన్నింట్లో పడవ పందేలు, పోలో, శాస్త్రీయ సంగీతం లాంటి డబ్బున్నవాళ్ల సరదాలు. మిగతావాటిలో పరుగు పందెం, ఫుట్‌బాల్, కంట్రీ సంగీతం. మొదటి రకం మగవాళ్లకు నూటికి 16 దాకా పిలుపులొచ్చాయి, రెండో రకం మగవాళ్లకు నూటికి ఒకటి. ఆడవాళ్లకైతే ఆ ఖరీదైన సరదాలు కూడా కలిసిరాలేదు.

పాతకాపు:
అది లాయర్ల సంగతి. మన దగ్గర కోడ్ మాట్లాడుతుంది.

తోకలేని_పిట్ట:
మన దగ్గరిదే చెప్తాను. రెజ్యూమెలకు రేటింగ్ ఇవ్వడానికి అమెజాన్ ఒక ప్రోగ్రామ్ తయారుచేసుకుని, తర్వాత పక్కన పడేసిందని 2018లో రాయిటర్స్ రాసింది. అంతకుముందు పదేళ్లలో కంపెనీకి వచ్చిన రెజ్యూమెలతో దానికి నేర్పారు. వాటిలో ఎక్కువ మగవాళ్లవే. దాంతో ‘మహిళల చెస్ క్లబ్ కెప్టెన్’ లాంటి మాట కనిపిస్తే మార్కులు తగ్గించేసింది. రెండు మహిళా కాలేజీల పేర్లకూ అదే గతి. కాలేజీ, హాబీ రెండూ ఒక్క దెబ్బకే. మెషీన్ సొంతంగా కనిపెట్టిందేమీ లేదు, పాత ఎంపికల్లో ఉన్నదే నేర్చుకుంది.

రాత్రి_బిల్డ్:
సొంత ప్రాజెక్టుల మాట ఎవరూ ఎత్తరేం? ‘ఖాళీ సమయంలో కోడ్ రాసేవాడే అసలు ప్రోగ్రామర్’ అని గిట్‌హబ్ (రాసిన కోడ్ నలుగురికీ కనబడేలా పెట్టుకునే సైటు) పేజీ అడుగుతారు. ఆఫీసు కోడ్ బయట పెట్టకూడదు. ఇంటికెళ్తే చంటిపిల్ల. ఇక గిట్‌హబ్‌లో ఏం పెట్టాలి? పోటీపడలేకపోయింది తెలివిలో కాదు, తీరికలో. నా మటుకు కాలేజీ పేరు కన్నా ఇదే పెద్ద అన్యాయం.

వడపోత_డ్యూటీ:
నిజమే, అది తట్టలేదు. మరి దేన్ని చూడమంటారు?

తోకలేని_పిట్ట:
చేయబోయే పనినే చిన్నగా చేయించండి. ‘ఆర్డర్ల పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది, లాగ్ (సిస్టమ్ రాసుకున్న చిట్టా) ఇదిగో, ఎక్కడ మొదలుపెడతారు?’ అని అందరికీ ఒకటే అడగండి. ముందు క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) చూస్తారా, ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) ఉందేమో చూస్తారా, ఏమీ చూడకుండానే కాష్ (ఒకసారి తెచ్చిన జవాబు దాచి మళ్లీ వాడటం) పెట్టేద్దామంటారా? దేనికెన్ని మార్కులో ముందే రాసిపెట్టుకోండి. 2022లో పాల్ సాకెట్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం పాత అధ్యయనాల లెక్కలన్నీ తిరగేసి చూస్తే, ఉద్యోగంలో పనితీరును అంచనా కట్టడంలో ఇలా అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలతతో చేసే ఇంటర్వ్యూయే ముందు నిలిచింది. దాని స్కోరు కూడా 0.42 మాత్రమే (1 వస్తే అంచనా పక్కా, 0 అయితే ఏ సంబంధమూ లేనట్టు).

పాతకాపు:
చూశారా, అదీ గొప్పగా లేదు! సరే, అనుభవం ఉన్నవాళ్లకైతే కాలేజీ పేరు దాచండి, ఒప్పుకుంటా. ఫ్రెషర్ల దగ్గర మాత్రం ఒప్పుకోను. వందల మందికి ఆ లాగ్ ఇచ్చి, జవాబులన్నీ ఎవరు దిద్దుతారు?

రాత్రి_బిల్డ్:
పావుగంట పరీక్ష పెడితే సగంమంది వాళ్లే తప్పుకుంటారు లెండి. ఇంటికి పంపించి వారాంతమంతా చేయమనకండి, అంతే.