ఆర్మేనియా తరఫున మాట్లాడే హక్కు ఎవరిది? ప్రధానిదా, చర్చిదా, విదేశాల్లో ఉన్నవాళ్లదా?

గోదారిగట్టు:
మన హైదరాబాద్ బీడీఎల్ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు ఆర్మేనియా కొన్నదని చదివి, ఇంతకీ ఆ దేశం గొడవేంటో చూద్దామని మొదలుపెట్టాను. రెండు వారాలైంది, ఇంకా అందులోంచి బయటపడలేదు.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. నగోర్నో కరాబఖ్ (ఆర్మేనియన్లు అర్త్సాఖ్ అంటారు) సోవియట్ రోజుల్లో అజర్‌బైజాన్ కింద ఉండేది, జనంలో ఎక్కువమంది మాత్రం ఆర్మేనియన్లు. 1994లో మొదటి యుద్ధం ఆగేసరికి అది ఆర్మేనియన్ల చేతిలో ఉంది. 2020లో 44 రోజుల యుద్ధంలో చాలా భాగం పోయింది. 2023 సెప్టెంబర్‌లో మిగిలిందీ పోయి, వారం పది రోజుల్లో లక్షమందికి పైగా ఇళ్లు వదిలి వచ్చేశారు.

2024లో ప్రధాని నికోల్ పషిన్యాన్ సరిహద్దు సర్దుబాటులో నాలుగు ఊళ్లు అజర్‌బైజాన్‌కు తిరిగి ఇచ్చేశారు. తావుష్ ప్రాంతపు ఆర్చిబిషప్ బగ్రత్ గల్స్తాన్యాన్ అక్కడి నుంచి కాలినడకన బయల్దేరి, మే 9న రాజధాని యెరెవాన్ నడిబొడ్డున వేలమందితో సభ పెట్టి, ప్రధానిని దిగిపొమ్మన్నారు. 2025 జూన్‌లో కుట్ర కేసులో ఆయన అరెస్టయ్యారు.

నా పక్షం ముందే చెప్పేస్తున్నాను. పషిన్యాన్ 2020లో యుద్ధం ఓడిపోయాక కూడా 2021లో దాదాపు 54 శాతం ఓట్లతో గెలిచాడు. సంతకం పెట్టే హక్కు ఆయనదే. బిషప్ వీధికెక్కి ప్రభుత్వాన్ని దించుతాననడం ఏ దేశంలోనైనా తప్పే. కాదనేవాళ్లు చెప్పండి.

బందరుబాబాయ్:
కాదనేవాణ్ణి నేనున్నాను. గట్టు గారూ, మీరు మన కొలతతో కొలుస్తున్నారు. 1375లో ఆర్మేనియన్ల సిలీషియా రాజ్యం కూలిపోయాక 1918 దాకా వాళ్లకు సొంత రాజ్యమే లేదు. 543 ఏళ్లు! అన్నేళ్లూ లిపిని, భాషను, పెళ్లి, చావు లెక్కలను కాపాడింది చర్చి. పన్నుల దగ్గర పాదుషాతో మాట్లాడాలన్నా బిషప్పే వెళ్లాలి.

1918 మేలో టర్కీ సేన మీదికొస్తే, కాథలికోస్ (వాళ్ల చర్చికి పెద్ద) ఐదవ గెవోర్గ్‌ను ఎచ్మియాడ్జిన్ పీఠం వదిలి వెళ్లిపొమ్మన్నారు. ఆయన కదల్లేదు. సార్దారాపాత్ యుద్ధం అప్పుడు గుళ్లలో గంటలు మోగించి జనాన్ని పిలిచారు. ఆ వారమే దేశం పుట్టింది. 'చర్చి రాజకీయాల్లోకి రాకూడదు' అంటే అక్కడివాళ్లకు నవ్వొస్తుంది.

ఇంకొకటి. 1878లో ఒట్టోమన్ టర్కీ భూముల సంగతి తేల్చడానికి పెట్టిన బెర్లిన్ మహాసభకు వెళ్లొచ్చిన ఖ్రిమ్యాన్ హైరిక్ అనే మతగురువు జనానికి చెప్పిన కథ అక్కడి పిల్లలకు కూడా తెలుసు. పెద్ద గంగాళంలో హరీస (మన హలీం లాంటిది) ఉంది. మిగతా జాతులు ఇనుప గరిటెలతో, అంటే ఆయుధాలతో, తోడుకుపోయాయి. మా చేతిలో ఉన్నది అర్జీ కాగితం, అంటే కాగితపు గరిటె, అది హరీసలోనే నానిపోయింది అన్నాడాయన. ఇది మతబోధనా, రాజకీయమా?

గోదారిగట్టు:
కథ బాగుంది బాబాయ్ గారూ. కానీ అది నా వాదనకే పనికొస్తుంది. ఇనుప గరిటె లేదని 2020లో తేలిపోయింది కదా. లేనప్పుడు గంగాళం దగ్గర కొట్లాడమనడం ఎవరి పిల్లల్ని పంపించడానికి? యెరబ్లూర్ సైనిక శ్మశానం ఫొటోలు చూడండి. ఒక్కో సమాధి మీద ఒక్కో జెండా, కింద పుట్టిన సంవత్సరం 2000, 2001. 2025 ఆగస్టు 8న వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం మీద రెండు దేశాలూ పొడి సంతకాలు చేశాయి. సరిహద్దు మీద కాల్పులు ఆగడం చిన్న విషయమేం కాదు.

లాయరమ్మ:
గట్టు గారూ, శాంతి వేరు, అరెస్టులు వేరు. రెండూ ఒకే సంచిలో వేయకండి.

2025 మేలో కాథలికోస్ రెండవ కరేకిన్ స్విట్జర్లాండ్‌లో ఒక సదస్సులో అర్త్సాఖ్ చర్చిల గురించి మాట్లాడారు. రెండు రోజులకే ప్రధాని చర్చిలు స్టోర్‌రూముల్లా తయారయ్యాయని విమర్శ మొదలుపెట్టి, తర్వాత కాథలికోస్ బ్రహ్మచర్యం తప్పారు, బిడ్డ ఉంది అనేదాకా వెళ్లారు. వాళ్ల చర్చిలో మామూలు పాస్టర్లు పెళ్లి చేసుకోవచ్చు, బిషప్పులు, కాథలికోస్ చేసుకోకూడదు. సరే, తప్పారే అనుకుందాం. అది తేల్చాల్సింది చర్చి సభ. ఆ సభలో దేశవిదేశాల నుంచి వచ్చిన మామూలు భక్తులు కూడా ఓటేస్తారు, కాథలికోస్‌ను ఎన్నుకునేది వాళ్లే. ప్రధానికి ఏం పని? మతసంస్థలు రాజ్యం నుంచి వేరు అని వాళ్ల రాజ్యాంగమే చెబుతోంది. ఆ గీత బిషప్పులకే కాదు, ప్రధానికీ వర్తిస్తుంది.

జూన్ 27న ఆర్చిబిషప్ మికాయెల్ అజపాహ్యాన్ కోసం బలగాలు ఎచ్మియాడ్జిన్ ఆవరణలోకే వెళ్లాయి. లోపల గంటలు, బయట తోపులాట. పాత ఇంటర్వ్యూల్లో మాటలకు ఆయనకు రెండేళ్ల జైలు. చర్చిని వెనకేసుకొచ్చిన వ్యాపారి సామ్వెల్ కరపేత్యాన్ కూడా అరెస్టు. నేను ఏ చర్చికీ వెళ్లను, అయినా ఇది నాకు మింగుడుపడదు.

గోదారిగట్టు:
ఆ కరపేత్యాన్ డబ్బు సంపాదించింది రష్యాలో. రష్యాలో వాళ్ల చర్చికి పెద్ద ఎవరనుకున్నారు? కాథలికోస్ గారి తమ్ముడే. ఈ ముక్క కూడా చెప్పండి మేడమ్.

లాయరమ్మ:
చెప్పాను అనుకోండి. అనుమానం సాక్ష్యం కాదు.

గ్లెండేల్‌తమ్ముడు:
విదేశాల్లో ఉన్నవాళ్ల మాట ఎవరూ ఎత్తట్లేదు. నేనుండే అమెరికాలోని గ్లెండేల్ అంటే సగం ఆర్మేనియానే. ఆఫీసులో నా పక్క సీటాయన పూర్వీకులు 1915లో ఒట్టోమన్ టర్కీలో జరిగిన ఆర్మేనియన్ల ఊచకోతలో చావు తప్పించుకుని సిరియా, లెబనాన్ మీదుగా ఇక్కడికి చేరారు. వాళ్ల ఊరు ఇప్పటి ఆర్మేనియాలో లేదు, టర్కీలో ఉంది. 'ఉన్న దేశం చాలు, పోయినదాన్ని మర్చిపోండి' అని పషిన్యాన్ అంటున్నప్పుడు ఈయనకు వినిపించేది 'నువ్వు మావాడివి కాదు' అని.

2020 యుద్ధంలో వీళ్లు ఆర్మేనియా నిధికి కోట్ల డాలర్లు పంపారు. అందులో పెద్ద భాగాన్ని ప్రభుత్వ ఖజానాకు మళ్లించారు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. డబ్బు కావాలి, మాట వద్దా?

గోదారిగట్టు:
తమ్ముడూ, డబ్బు పంపినంత మాత్రాన సరిహద్దు గీసే హక్కు వస్తుందా? మనవాళ్లు డల్లాస్‌లో కూర్చుని మన ఎన్నికల మీద కొట్టుకోవడం చూడట్లేదా? ఓడినా గెలిచినా సోమవారం వాళ్ల ఆఫీసు వాళ్లకుంటుంది. కాలినడకన వచ్చిన ఆర్చిబిషప్‌కు కూడా కెనడా పౌరసత్వం ఉంది, అందుకే ప్రధాని పదవికి చట్టప్రకారం అర్హుడు కాడు.

బందరుబాబాయ్:
విదేశాల్లోవాళ్లు అంతా ఒక్కమాట మీద ఉన్నారనుకుంటే పొరపాటు తమ్ముడూ. 1933లో షికాగో ఎగ్జిబిషన్‌లో ఆర్చిబిషప్ తూర్యాన్ స్వతంత్ర ఆర్మేనియా మూడు రంగుల జెండా వేదిక మీద ఉంటే మాట్లాడనన్నాడు, ఎందుకంటే అప్పటికి దేశం సోవియట్ చేతిలో ఉంది. ఆ డిసెంబర్ 24న న్యూయార్క్ చర్చిలో, ఆరాధనకు ఊరేగింపుగా వెళ్తుంటే, సొంతవాళ్లే పొడిచి చంపారు. అప్పటి నుంచి అమెరికాలో చర్చి రెండుగా చీలింది. ఒక వర్గం ఎచ్మియాడ్జిన్ వైపు, రెండోది లెబనాన్ అంతెలియాస్‌లోని పీఠం వైపు. ఒకే వీధిలో రెండు గుళ్లు, ప్రార్థన మాత్రం అక్షరం తేడా ఉండదు.

మనకూ దూరం కాదులెండి. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులో, నడిపింది ఒక మతగురువే. హైదరాబాద్ ఉప్పుగూడలో వాళ్ల పాత సమాధులు ఇంకా ఉన్నాయి.

యెరెవాన్‌మెడికో:
అందరికీ నమస్తే. ఇక్కడ మెడిసిన్ చదువుతున్నాను. మా పక్క ఫ్లాట్‌లో స్తెపనాకెర్త్ (అప్పటి అర్త్సాఖ్ రాజధాని) నుంచి వచ్చిన ఆంటీ అద్దెకుంటుంది. 2023లో, ఆర్మేనియాకు వచ్చే ఒకే ఒక్క దారి అయిన లాచిన్ రోడ్డు మీద కారులో రెండు రాత్రులు గడిపి వచ్చారట. ఆదివారాలు జెంగ్యలోవ్ హట్స్ చేస్తుంది. మన ఆకుకూర పరాఠా లాంటిదే, బోలెడు రకాల ఆకులు సన్నగా తరిగి రొట్టెలో మడిచి కాలుస్తారు. వాళ్ల కొండల మీది ఆకులు కొన్ని ఇక్కడ మార్కెట్లో దొరకవు, పాలకూర కలుపుతుంది. కలిపినప్పుడల్లా ముఖం చిట్లిస్తుంది.

ఆంటీకి ప్రధాని పేరెత్తితే కోపం. కాథలికోస్ పేరెత్తితే, అంతకుముందు అజర్‌బైజాన్ ఆ రోడ్డు మూసేసిన దిగ్బంధంలో తొమ్మిది నెలలు రొట్టెల కోసం క్యూలో నిలబడ్డప్పుడు ఈ గంటలు ఎక్కడున్నాయి అంటుంది. అమెరికాలో ఉన్న మరిది ఫోన్ చేసి 'వెనక్కి వెళ్లే హక్కు వదలొద్దు' అంటే, సరే అని పెట్టేస్తుంది. అయినా ప్రతి వారం చర్చికి వెళ్లి కొవ్వొత్తి వెలిగిస్తుంది. నేనడిగితే, అది వాళ్లది కాదు, నాది అంది.

మొన్న సెలవులకు ఇంటికెళ్లి తిరిగొచ్చాను. ఎయిర్‌పోర్టులో వేసే స్టాంపు మీద ఇదివరకు ఆర్మేనియన్లు తమ గుర్తుగా చూసుకునే అరారత్ కొండ బొమ్మ ఉండేది. కొండ ఉన్నది టర్కీలో కాబట్టి ఇప్పుడు తీసేశారు. ఇక్కడ దాని మీద పెద్ద రచ్చ అయిందని పాస్‌పోర్టు తెచ్చి ఆంటీకి చూపించాను. ఒక్క క్షణం చూసి పక్కన పెట్టి, శరణార్థులకు నెలనెలా ఇచ్చే సాయం కోత గురించి వచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఎక్కడ నింపాలో చూడమంది.