ఫిగ్మాలో ఏజెంట్ వాడే టూల్స్‌కి డిస్క్రిప్షన్ ఎలా రాయాలి?

గ్రిడ్‌లైన్:
డిజైన్ యాప్ ఫిగ్మా ప్లగిన్ ఏపీఐ మీద మా టీమ్ కోసం ఎంసీపీ సర్వర్ (ఏఐ ఏజెంట్‌కి టూల్స్ అందించే ప్రోగ్రామ్) కడుతున్నాం. టూల్స్‌ని మేం నేరుగా పిలిస్తే సరిగ్గానే నడుస్తున్నాయి. ఏజెంట్ పిలిస్తేనే గొడవ: రంగు మార్చమంటే ఎర్రర్, టెక్స్ట్ మార్చమంటే ఎర్రర్, కార్డుని ఫ్రేమ్ వెడల్పంతా పరచమంటే ఎర్రర్. ప్రస్తుతం డిస్క్రిప్షన్లు "నోడ్ రంగు మారుస్తుంది" అన్నట్టు ఒక్కో లైనే (నోడ్ అంటే డిజైన్‌లోని ఒక్కో ఫ్రేమ్, టెక్స్ట్, ఆకారం). పోనీ అని ఏపీఐ రిఫరెన్స్ మొత్తం అతికిస్తే కాంటెక్స్ట్ (మోడల్ ఒకేసారి చూడగలిగే మేర) నిండిపోయి ఇంకా దారి తప్పుతోంది. ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

ప్లగిన్_మేస్త్రి:
టూల్ ఏం చేస్తుందో పేరులోనే తెలిసిపోతుందండీ. మోడల్ అలవాటుకొద్దీ ఊహించి తప్పే చోట్లేమిటో అవి రాయండి.

రంగునే తీసుకోండి. సీఎస్ఎస్ (వెబ్ పేజీల స్టైల్ భాష) అలవాటులో మోడల్ 255 ఇస్తుంది. ఫిగ్మాలో ఆర్, జీ, బీ మూడూ 0 నుంచి 1 లోపే ఉండాలి. సాలిడ్ పెయింట్ రంగులో ఆల్ఫా ఉండదు, పారదర్శకత పెయింట్ ఒపాసిటీలో ఇవ్వాలి. ఇదంతా వివరిస్తూ కూర్చునే కంటే టూలే హెక్స్ కోడ్ (#FF0000 లాంటిది) తీసుకుని లోపల మార్చుకుంటే సరిపోతుంది. ఇంటర్‌ఫేస్‌లో తీర్చగలిగిన చిక్కుని డిస్క్రిప్షన్‌లోకి తోయకండి.

టెక్స్ట్ కూడా అంతే. అక్షరాలు మార్చేముందు ఫాంట్ లోడ్ కావాలి, ఆ పని టూల్ లోపలే చేయండి. ఒకే టెక్స్ట్ నోడ్‌లో రెండు ఫాంట్లుంటే ఫాంట్ పేరు అడిగినప్పుడు 'మిక్స్‌డ్' అని వస్తుంది. అప్పుడు అందులోని ఫాంట్లన్నీ లోడ్ చేయాలి. స్టైల్ పేర్ల సంగతి మాత్రం రాయక తప్పదు: ఇంటర్ ఫాంట్‌లో 'సెమీ బోల్డ్' మధ్య ఖాళీ ఉంటుంది, కొన్ని ఫాంట్లలో ఉండదు. "స్టైల్ పేరు ఊహించవద్దు. ఫాంట్ల జాబితా టూల్ పిలిచి, అందులో ఉన్నది ఉన్నట్టే వాడాలి" అని పెట్టండి.

వెడల్పు పరిచే టూల్‌కి నేనైతే ఇలా రాస్తాను (ఆటో లేఅవుట్ ఫ్రేమ్ అంటే లోపలివాటిని తనే వరుసగా సర్దే ఫ్రేమ్):

"నోడ్‌ని ఆటో లేఅవుట్ పేరెంట్ వెడల్పంతా పరుస్తుంది. నోడ్ అప్పటికే ఆటో లేఅవుట్ ఫ్రేమ్ లోపల ఉండాలి. లేకపోతే ముందు 'ఫ్రేమ్‌లో చేర్చు' పిలవాలి. దీని తర్వాత 'కొలత మార్చు' పిలిస్తే వెడల్పు మళ్లీ ఫిక్స్‌డ్ అయిపోతుంది. నోడ్ ఐడీ, కొత్త వెడల్పు, ఎత్తు పిక్సెల్స్‌లో తిరిగి వస్తాయి."

మీకు ఎర్రర్ వచ్చేది చాలావరకు వరుస తప్పినందుకే. పేరెంట్‌లో చేర్చకముందే 'ఫిల్' (వెడల్పంతా పరిచే సెట్టింగ్) పెడితే ఏపీఐ ఒప్పుకోదు.

ఒత్తు_గుడి:
ఎర్రర్ వస్తే నయం, కనీసం తెలుస్తుంది. ఎర్రర్ లేకుండా తప్పు జరిగే చోట్లకి డిస్క్రిప్షన్‌లో ఎక్కువ జాగా ఇవ్వండి.

ఎక్స్, వై విలువలు పేరెంట్ నుంచి లెక్క, పేజీ నుంచి కాదు. పైగా ఆటో లేఅవుట్ లోపలి నోడ్‌కి అవి ఇచ్చినా కదలదు. ఏజెంట్ మాత్రం పని అయిపోయిందనుకుని ముందుకు వెళ్లిపోతుంది. అందుకే "సరే" అని ఊరుకోకుండా, నోడ్ చివరికి ఎక్కడుందో, ఎంత కొలతలో ఉందో వెనక్కి పంపాలి.

లైన్ హైట్ ఇంకో గోతి. సీఎస్ఎస్‌లో 1.5 అంటే ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లు. ఫిగ్మాలో యూనిట్ విడిగా చెప్పాలి. మీ టూల్ వట్టి అంకె తీసుకుని పిక్సెల్స్‌గా పంపితే 1.5 పిక్సెల్స్ అయి లైన్లన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. పారామీటర్ పేరులోనే 'శాతం' అని ఉంచి, ఉదాహరణగా 150 ఇవ్వండి.

తెలుగు స్క్రీన్లు చేయిస్తుంటే ఇంకో రెండు వాక్యాలు కలపండి. ఇంటర్‌లో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి నోటో శాన్స్ తెలుగులాంటి ఫాంట్ పేరు చెప్పాలి. ఇంగ్లిష్‌కి సరిపోయే 120 శాతం లైన్ హైట్‌లో పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడులకి తగులుతాయి. 150 నుంచి మొదలుపెట్టమనండి.

గ్రిడ్‌లైన్:
చాలా స్పష్టంగా చెప్పారు, థాంక్స్ అండి. ఎర్రర్ మెసేజ్‌లు ప్రస్తుతం ఏపీఐ ఇచ్చినవే పంపుతున్నాం. మార్చాలా?

ప్లగిన్_మేస్త్రి:
తప్పకుండా మార్చండి. ఎంసీపీలో టూల్ ఫలితానికి ఎర్రర్ గుర్తు పెట్టి పంపితే ఆ మాటలు మోడల్ చదువుతుంది. అంటే సరిగ్గా అవసరమైన క్షణానికి అందే డాక్యుమెంటేషన్ అదే. "నోడ్ చెల్లదు" అంటే ఏజెంట్ అదే కాల్ మళ్లీ చేస్తుంది. "ఐడీ 12:45 ఉన్న నోడ్ ఫైల్‌లో లేదు, డిలీట్ అయి ఉండొచ్చు. 'సెలక్షన్ చదువు' పిలిచి కొత్త ఐడీ తీసుకోండి" అంటే దారికొస్తుంది. అరుదుగా జరిగే తప్పుల వివరణ ఇక్కడికి నెడితే డిస్క్రిప్షన్లు కూడా చిన్నవవుతాయి.

రాశాక కొత్త సెషన్‌లో, ఖాళీ ఫైల్ మీద, అదనపు సూచనలేవీ ఇవ్వకుండా "హెడర్, కింద మూడు కార్డులు" లాంటి పని చెప్పి కాల్ లాగ్ చదవండి. తప్పు టూల్‌ని ఎంచుకుంటుంటే రెండు పేర్లు మరీ దగ్గరగా ఉన్నాయన్నమాట: 'ఫ్రేమ్ చేయి', 'గ్రూప్ చేయి' రెండింటిలో ఏది ఎప్పుడో ఒకదానిలో ఇంకోదాన్ని పేరుపెట్టి చెప్పండి. సరైన టూల్‌కే తప్పు విలువ ఇస్తుంటే ఆ పారామీటర్ వివరణలో యూనిట్, హద్దులు, ఒక ఉదాహరణ ఉన్నాయో లేదో చూసుకోండి.