సమస్యాపూరణం: తలయు మెడయు వేరు తనువు వేరు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య, ఆటవెలది నాలుగో పాదం:

*తలయు మెడయు వేరు తనువు వేరు*

రాహుకేతువులు వద్దు, వినాయకుడు వద్దు, ఛిన్నమస్త అసలే వద్దు. విషయం అమెరికాలో తొలినాటి చేతిపని గిటార్లు. జర్మనీలో సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్ఖెన్‌లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ వియన్నాలో గిటార్లు చేసే యోహాన్ గెయోర్గ్ స్టౌఫర్ దగ్గర పనిచేశాడు. సొంతూళ్లో వడ్రంగి సంఘంవాళ్లు గిటార్లు చెయ్యకూడదని వయొలిన్ పనివాళ్ల సంఘం పేచీ పెట్టింది. 1833లో న్యూయార్క్ చేరాడు, కొన్నేళ్లకు పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో స్థిరపడ్డాడు. ఇక కానివ్వండి.

తంత్రీలోల: నా ప్రయత్నం.

స్టౌఫ రిచ్చె శిరము చక్కని వంపుతో
స్పెయిను నడుము నిచ్చెఁ జెలువు మీఱ
మార్టి నింటఁ జేరి మధురవాద్యం బయ్యెఁ
దలయు మెడయు వేరు తనువు వేరు

గణయతి: గణాలు సరిపోయాయి. స్టౌ–చ యతి చెల్లుతుంది, ఔకారానికి అకారంతో మైత్రి ఉంది కదా. కానీ మూడో పాదంలో కర్త ఏదండీ? ఏది వాద్యమయ్యింది? పైగా శిరస్సు, నడుము చెప్పి మెడను వదిలేశారు. సమస్యలో “మెడయు” దిక్కులేకుండా నిలబడింది.

బాడిస: “చక్కని వంపు” మాత్రం నిజమండి. స్టౌఫర్ తల ఒక పక్కకు చుట్టుకున్నట్టు ఉంటుంది, ఆరు బిరడాలూ ఒకే వరసలో. మార్టిన్ మొదట్లో చేసినవాటిలో ఆ తలే కనబడుతుంది. 1840లు వచ్చేసరికి న్యూయార్క్‌లో స్పానిష్ పద్ధతి మోజు పెరిగి, ఒంటి తీరు, పైపలక అడుగున బలానికి అతికే లోపలి పట్టీలు అటువైపు మళ్లాయి. కొంతకాలం ఒకే వాద్యంలో రెండూ కలిసి ఉన్నాయి.

మెడ మాట గణయతిగారు ఎత్తారు కాబట్టి:

తాళచెవినిఁ బెట్టి తగినంత తిప్పగా
మెడయె వంగుఁ దీఁగ మెల్లఁగ దిగు
కదల దొడలు చూడఁ గాసింతయైనను
తలయు మెడయు వేరు తనువు వేరు

మూడోకన్ను: గిటారుకు తాళంచెవి ఏమిటండీ?

బాడిస: గోడగడియారానికి కీ ఇచ్చే చెవిలాంటిదే. మెడ మొదట్లో చిన్న కన్నం, లోపల మర. తిప్పితే మెడ వాలు మారి తీగల ఎత్తు తగ్గుతుంది, పెరుగుతుంది. వేళ్లు నొక్కే మెట్లపలక చివర పైపలకకు అతకరు, దాని మీద కాస్త ఎత్తున తేలుతూ ఉంటుంది. అతికితే మెడ కదలదు మరి. స్టౌఫర్ వాడిన ఈ ఏర్పాటు మార్టిన్ తొలి గిటార్లలోనూ ఉంది.

గణయతి: ఇదీ పూరణ! అసంబద్ధంగా కనబడిన మాట అక్షరాలా నిజమైపోయింది, అలంకారంతో పని పడలేదు. “చూడఁ” ఒక్కటే గణం కోసం వచ్చి కూర్చుంది, పోనివ్వండి.

మూడోకన్ను: నాదీ చూడండి. ఉక్కు తీగల కోసం మార్టిన్ లోపలి పట్టీలు మార్చిన ఘట్టం.

లోన కాన రాని లోకంబు మారెను
నిచ్చెనలు తొలంగె నేర్పు మీఱ
కత్తెర వలెఁ గూడెఁ గఱ్ఱపట్టీలిట
తలయు మెడయు వేరు తనువు వేరు

బాడిస: ఉక్కు కాదండి. అప్పటివి పేగు తీగలు. కత్తెరలా ఒకదాన్నొకటి దాటే పట్టీలున్నవాటిలో ఇప్పటికి తెలిసిన తొలి మార్టిన్ గిటారు 1843 నాటిది, స్పానిష్ వాయిద్యకారిణి మదాం డి గోన్యీ కోసం చేసింది. ఉక్కు తీగలు మార్టిన్ కంపెనీలో మామూలయ్యింది 1920లలో. బలమైన ఆ లాగుడుకు ఈ పాత కత్తెర పట్టీలే పనికొచ్చాయి. కత్తెర పట్టీలకు ముందు వియన్నా పద్ధతిలో అడ్డపట్టీలు నిచ్చెన మెట్లలా ఉండేవి, స్పెయిన్‌లో కాదిస్ ఊరి పనివాళ్లవి విసనకర్రలా పరుచుకునేవి. “నిచ్చెనలు తొలంగె” బాగా పడింది.

గణయతి: “నేర్పు మీఱ” మాత్రం వ్యర్థపదం. ఇద్దరూ రెండో పాదం చివర “మీఱ” పట్టుకు వేలాడుతున్నారు! “నిచ్చెనలు తొలంగె నిండె మ్రోఁత” అంటే యతీ నిలుస్తుంది, పట్టీలు మార్చిన ఫలమూ తెలుస్తుంది. అయినా మార్పంతా ఒంటి లోపలిదే. తలా మెడా ఊసే లేనప్పుడు నాలుగో పాదం అతికించినట్టుంది.

మూడోకన్ను: ఆ పాదం తీసుకుంటానండి. మెడ సంగతి బాడిసగారికే వదిలేశాను.

నిర్వాహకుడు: ఈసారికి బాడిసగారిదే పైచేయి. పేగు తీగల మాట వచ్చింది కాబట్టి వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

*ప్రేవు మీటఁ బాట పెల్లుబికెను*

కసాయి కొట్టు వర్ణనలు పంపకండి.