కనుగొన్నారా, కనిపెట్టారా, ఏరారా?

“కనుగొనడం, కనిపెట్టడం రెండూ ఒకటేనా? ఒకే వార్తలో హెడ్డింగులో ఒకటి, కింద ఇంకొకటి రాస్తున్నారు” అని నిన్న ఒక తమ్ముడు మన గుంపులో అడిగాడు. చాలామంది ఒకటే అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఆ రెండూ వేరు. వాటిని కలగాపులగం చేసెయ్యడం వల్లే సైన్సు, టెక్నాలజీ వార్తల్లో సగం మనకి తలకిందులుగా అర్థమవుతున్నాయి. సంగతి కొంచెం పెద్దది. అందుకే వ్యాఖ్యగా కాకుండా విడిగా రాస్తున్నాను.

ముందు మాటల లోపలికి వెళ్దాం. కను, కొను కలిసి ‘కనుగొను’ అయింది. చూసి దక్కించుకోవడం. నోట్లో నలిగి అది ‘కనుక్కో’ అయింది. “పలాస బస్సు ఎన్నింటికో కనుక్కో”, “డాక్టరు గారు వచ్చారో లేదో కనుక్కుని రా” అంటాం. ఇందులో వెతుకులాట కన్నా అడగడం ఎక్కువ. సంగతి ముందే ఉంది, మనకి తెలీదు, అడిగి తెలుసుకుంటున్నాం.

‘కనిపెట్టు’ దారి వేరు. దాచిపెట్టు, రాసిపెట్టు, చూసిపెట్టు అన్న మాటల్లో ఉన్న ‘పెట్టు’ ఇందులోనూ ఉంది. పని చేసి అలాగే నిలిపి ఉంచడం. అందుకే “చంటిపిల్లని కాస్త కనిపెట్టుకుని ఉండమ్మా” అన్నా, “కల్లం కనిపెట్టుకుని అక్కడే పడుకున్నాడు” అన్నా కన్ను తియ్యకుండా ఉండటమని అర్థం. చర్చికి వెళ్లేవాళ్లు దేవుని సన్నిధిలో కనిపెట్టడం అంటారు, అది ఓపికగా ఎదురుచూడటం. “వాడి ఎత్తు కనిపెట్టేశాను” అంటే పసిగట్టడం. ఇన్ని అర్థాలున్న మాట మీద “టెలిఫోన్ కనిపెట్టింది ఎవరు?” అన్న బడి ప్రశ్న వచ్చి కూర్చుంది. లేనిదాన్ని కొత్తగా తయారుచెయ్యడం అనే అర్థం దానికి అలా బలంగా అంటుకుంది. ఇప్పుడు పేపర్లో ‘కనిపెట్టారు’ అని చదివితే ఆ మనిషి దాన్ని చూశాడో, పసిగట్టాడో, తయారుచేశాడో మనమే ఊహించుకోవాలి.

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి వైపు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడ చాలా తెలుగు ఇళ్లల్లో పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఫోన్లో హిందీ వీడియోలు చూస్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఒడియాలో ఉన్నదాన్ని బయటపెడితే ‘ఆబిష్కార’, లేనిదాన్ని చేస్తే ‘ఉద్భాబన’ అని పాఠం చెబుతారు. హిందీకి వస్తే ఉన్నదాన్ని బయటపెట్టడం ‘ఖోజ్’, లేనిదాన్ని చెయ్యడమే ‘ఆవిష్కార్’. అంటే అదే సంస్కృత మాట సరిగ్గా ఎదురు వైపుకి తిరిగింది. తెలుగులో ఆవిష్కరణ అనగానే పిల్లలకి జెండా, పుస్తకం, విగ్రహం గుర్తొస్తాయి. ఎనిమిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు నోటుపుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో నిలువుగీత గీసి, ఒకపక్క ‘ముందే ఉన్నది’, రెండోపక్క ‘ముందు లేనిది’ అని తెలుగులో రాసుకుంది. ఒడియా మాటలు చెరో పక్కా సర్దేసింది. హిందీవీ సర్దింది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి ‘కనిపెట్టు’ని రెండుపక్కలా రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది. పదమూడేళ్ల పిల్లకి తట్టిన అనుమానం హెడ్డింగులు పెట్టేవాళ్లకి తట్టకపోతే ఎలా?

దీనివల్ల నష్టం ఏంటో ఒక వార్త చెబుతుంది. 2025 ఏప్రిల్‌లో కె2-18బి అనే గ్రహం గురించి అందరం చదివాం. మనకి 124 కాంతి సంవత్సరాల దూరంలో, సింహరాశి వైపు ఉంది. కేంబ్రిడ్జిలో పనిచేసే నిక్కు మధుసూదన్ గారి బృందం అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోపు పంపిన కాంతిని విడదీసి చూసి, ఆ గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్, లేదా దానికి దగ్గరి చుట్టమైన ఇంకో వాయువు, ఉన్న గుర్తులు దొరికాయని చెప్పింది. భూమ్మీద ఆ వాయువు ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. ఇంతే సంగతి. అది మన ఫోన్లకి చేరేసరికి “వేరే గ్రహంపై జీవం కనిపెట్టారు” అయిపోయింది. మా మేనకోడలు చదివి “అక్కడ మనుషులున్నారేటి మావయ్యా?” అంది. ఆ పిల్ల తప్పేముంది? క్రియ అలా చెప్పింది మరి.

ఆ బృందం మాత్రం జాగ్రత్తగానే మాట్లాడింది. జీవం ఉందని తాము అనడం లేదని, ఇంకా చూడాల్సి ఉందని చెప్పింది. వాళ్లకి దొరికిన గుర్తు బలం మూడు సిగ్మాలు. అంటే కాకతాళీయంగా అలాంటి గుర్తు కనబడే అవకాశం వెయ్యికి మూడు. మామూలు పనులకి అది చాలా గట్టి లెక్కే. అయితే ఈ శాస్త్రాల్లో ‘దొరికింది’ అని ధైర్యంగా చెప్పడానికి ఐదు సిగ్మాలు అడుగుతారు, అది దాదాపు కోటికి ఆరు. ఆ తర్వాత వేరే బృందాలు అదే సమాచారాన్ని తమ పద్ధతుల్లో లెక్కగట్టి, గుర్తు అంత గట్టిగా లేదన్నాయి. జీవమే లేని తోకచుక్క మీద కూడా ఆ వాయువు ఆనవాళ్లు ఉన్నాయని 2024లోనే ఒక పరిశోధన వచ్చింది. ఇలాంటి వార్తకి ‘ఆనవాలు కనబడింది’ అన్న మాట చాలు. ఆనవాలు మంచి మాట. గట్టు మీద అడుగుజాడ చూసి ఎవరో నడిచారంటాం, ఎవరన్నది తర్వాత తేలుతుంది.

ఇక్కడే మన భాషలో ఉన్న ఒక గొప్ప వసతి చెప్పాలి. అదే ‘అట’. మా అమ్మ ఈ వార్త విని పక్కింటావిడతో “ఎక్కడో చుక్క మీద పేణం ఉందట” అంది. ఆ ‘ట’ ఒక్కటి చాలు: ఇది నేను చూసింది కాదు, ఎవరో చెబితే విన్నాను, ఎంతవరకు నిజమో వాళ్లకే తెలియాలి. అచ్చుకి ఎక్కేసరికి ఆ ‘ట’ రాలిపోతుంది, విన్న మాట నిజమై కూర్చుంటుంది. రాజకీయ వార్తల్లో పేపర్లు ఈ జాగ్రత్త బాగానే పడతాయి. “మంత్రివర్గంలో మార్పులు ఉంటాయని తెలుస్తోంది”, “ఢిల్లీ వెళ్లినట్టు సమాచారం” అని రాస్తారు. అదే శ్రద్ధ సైన్సు వార్త మీద ఎందుకు పెట్టరన్నది నా బాధ. “గుర్తులు ఉన్నట్టు తెలుస్తోంది” అని రాస్తే వార్త విలువ ఏమీ తగ్గదు.

ఏఐ వార్తల్లో ఇంకో చిక్కుంది. అక్కడ క్రియతో పాటు కర్త కూడా మారిపోతోంది. “కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టిన ఏఐ” అన్న తరహా హెడ్డింగులు మీరూ చూసే ఉంటారు. వాటిలో బాగా పేరుపడింది హాలిసిన్, 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ప్రకటించారు. జరిగింది ఇదీ: ఈ.కోలై బ్యాక్టీరియాను ఏ పదార్థాలు అడ్డుకున్నాయో, ఏవి అడ్డుకోలేదో ప్రయోగాలు చేసి, రెండు వేలకు పైగా అణువుల ఫలితాలతో కంప్యూటరుకు నేర్పారు. తర్వాత దాదాపు ఆరు వేల పదార్థాలున్న ఒక జాబితా ఇచ్చి, వీటిలో పనికొచ్చేవి చెప్పమన్నారు. అది చెప్పినవాటిలో ఒకటి, షుగరు జబ్బుకు పనికొస్తుందేమోనని అంతకుముందు వేరేవాళ్లు పరీక్షించి పక్కన పెట్టింది. దాన్నే గాజుగిన్నెల్లో బ్యాక్టీరియా మీద, ఆ తర్వాత ఎలుకల మీద పరీక్షించి చూశారు, పనిచేసింది.

ఇందులో కంప్యూటరు చేసిన పనికి మన వంటింట్లో సరైన మాట ఉంది: ఏరింది. చేటలో బియ్యం పోసి మెరికలు ఏరినట్టు ఆరు వేలల్లోంచి ఏరింది. అణువు ముందే ఉంది కాబట్టి తయారుచెయ్యలేదు. పనిచేస్తుందని రుజువు చేసింది ప్రయోగశాలలో మనుషులు. ‘ఏఐ ఏరిన మందు, ఎలుకల్లో పనిచేసింది’ అని రాస్తే ఎవరి పని వారికి దక్కుతుంది, అది ఇంకా మందుల షాపుకి రాలేదని కూడా తెలుస్తుంది. ఏరడం తక్కువ పని అని నేననడం లేదు. ఆరు వేలని ఒక్కొక్కటిగా గిన్నెలో వేసి చూడాలంటే ఎంత డబ్బు, ఎంత కాలం! ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ సంగతీ ఇంతే. ప్రొటీన్లు ఎలా మడతపడతాయో అది ‘అంచనా కట్టింది’, ఇరవై కోట్లకు పైగా ప్రొటీన్లకి. ఆ పనికి 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ వాటా దక్కింది. అంచనా అన్న మాట వాడినందుకు నోబెల్ ఏమీ చిన్నబోలేదు కదా.

అలాగని కనిపెట్టు అన్న మాటని వదిలేయమనను. దానికి సరిగ్గా అతికే సంగతి మన తెలుగు నేల మీదే జరిగింది. 1897లో సికింద్రాబాదులో బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ చేసిన పని. మలేరియా పరాన్నజీవి ఉందని ఫ్రెంచి డాక్టరు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో రోగి రక్తంలో చూశాడు. అది దోమలో ఉంటుందా అన్నది తేలలేదు. రాస్ దోమల్ని పెంచి, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, ఒక్కో కాటుకి ఒక్కో అణా ఇచ్చి, ఆ దోమల్ని రోజుకి కొన్ని చొప్పున కోసి మైక్రోస్కోపులో చూస్తూ కూర్చున్నాడు. ఆగస్టు ఎండ, ఉక్కపోత. ఆగస్టు 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో నల్లటి రంగు రవ్వలున్న కణాలు కనబడ్డాయి. మనిషి రక్తంలోని పరాన్నజీవిలో ఉండే రంగు రవ్వలే అవి. ఆయన కనుగొన్నాడంటే నిజమే. కల్లం దగ్గర పడుకునే రైతులా కనిపెట్టుకుని ఉన్నాడంటే ఇంకా నిజం. 1902లో నోబెల్ వచ్చింది.

కింద వచ్చిన వ్యాఖ్యలకి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

మాస్టారూ, “ఆవిష్కరణ అని రాసేస్తే గొడవ వదిలిపోదా” అన్నారు. మీ మాట తీసెయ్యలేను. పెద్ద పత్రికల్లో అది స్థిరపడింది కూడా. కాకపోతే పైన చెప్పినట్టు సరిహద్దులో పిల్లలకి ఆ మాట ఒడియాలో ఒక దిక్కు, హిందీలో ఒక దిక్కు చూపిస్తోంది. తయారుచేశారు, దొరికింది, తేలింది, ఏరారు: ఇవి ఎవరికీ నేర్పక్కర్లేని మాటలు. ఇక్కడి కొండల్లో గిరిజనులైన సవరల మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకుని, 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చువేయించిన గిడుగు రామ్మూర్తి పంతులు గారు దశాబ్దాల పాటు నడిచిన వీధుల్లో ఉంటున్నాం. నోటి మాటకి అచ్చులో చోటు కావాలని ఆయన పోరాడారు. సైన్సుకి ఆ మాటలు సరిపోవని ఎందుకనుకోవాలి?

గుణుపురం అక్కా, “మలేరియాకి టీకా కనిపెట్టేశారు కదా, మా ఊళ్లో ఆశా దీదీ ఇంకా దోమతెర కట్టుకోమంటోంది ఎందుకు” అని మీ అత్తగారు అడిగారన్నారు. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. టీకాలు ‘తయారుచేశారు’, నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో ఒకటి, 2023 అక్టోబరులో రెండోది చిన్నపిల్లలకి సిఫారసు చేసింది. రెండోదాన్ని ఆక్స్‌ఫర్డ్, పుణె సీరం సంస్థ కలిసి తెచ్చాయి. అయితే అవి జబ్బుని తగ్గిస్తాయి, పూర్తిగా ఆపవు. దోమతెర, మందులతో పాటే వాడాలని ఆ సంస్థే చెప్పింది. ఒడిశాలో 2017 నుంచి దమన్ పేరుతో కొండ ఊళ్లకి వెళ్లి, జొరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేసి, దోమతెరలు పంచి మలేరియాను బాగా తగ్గించారు. కాబట్టి అత్తగారితో ఇలా చెప్పండి: “టీకా వచ్చిందట, పిల్లలకి, అదీ కొన్ని దేశాల్లో. మనం తెర కట్టుకోవాల్సిందే.” దీదీ చెప్పింది సరైన మాట.

సవర, కువి అనే గిరిజన భాషలు మాట్లాడే ఇళ్ల మిత్రులు ఈ గుంపులో ఉన్నారు. వాళ్లని ఒకటి అడగాలి. మీ భాషల్లో కళ్లతో చూడటానికి, వెతికి పట్టుకోవడానికి, కాపలాగా కన్నేసి ఉండటానికి వేర్వేరు మాటలున్నాయా? విన్న సంగతి చెప్పేటప్పుడు మన ‘అట’ లాంటిది చివర చేరుతుందా? ఇంట్లో పెద్దవాళ్లని కనుక్కుని, వాళ్లన్నది వాళ్లన్నట్టే తెలుగు లిపిలో రాయండి.